కోనేరు అన్న మాట

విశాఖపట్నం,
ఫిబ్రవరి 3.

టీనా అక్కకు,

నా మీద నీ అభియోగం ఇది: తోబుట్టువు ఇంటి గుట్టును కాలేజీ వేదిక ఎక్కించి చప్పట్లు కొట్టించుకున్నాను, బావ ఊళ్ళో తలెత్తుకోలేకుండా చేశాను, నన్ను చదివిస్తున్న వాళ్ళ మీదే ఆ చదువును ప్రయోగించాను. ఫోన్‌లో ఈ మూడూ ఒకే ఊపిరిలో అనేసి, నా జవాబు వినకుండా పెట్టేశావు. అందుకే కాగితం అందుకున్నాను. కాగితం మీద నేను అరిచినా అరుపు వినిపించదు, నువ్వు ఏడ్చినా నాకు కనిపించదు. ప్రస్తుతానికి మనిద్దరికీ అదే మేలు.

కాలేజీ వక్తృత్వ పోటీలో మాట్లాడింది నేనే. "పక్కపక్క ఊళ్ళకు వేర్వేరు నిబంధనలు ఉండటం స్వపరిపాలన అవుతుందా, తప్పించుకునే దారి అవుతుందా?" అన్న అంశం వాళ్ళిచ్చింది. ఉదాహరణ మాత్రం నాది. ఒక స్థలం ఉందన్నాను. దాని మధ్యలోంచి కాలువ పోతుంది, కాలువ మీద ఒక పుల్లియా, అదే చిన్న వంతెన, ఉంది. పుల్లియాకు పైనున్న ముక్క టౌను హద్దులోది, కిందనున్న ముక్క పంచాయతీది. యజమాని ఒకరే, మట్టి ఒకటే, వాన ఒకటే. పై ముక్కలో ఇంటికి ఈతకొలను కట్టుకోవాలంటే కొళాయి నీళ్ళు ముట్టకూడదు, తన కప్పు మీద పడిన వాననీటితోనే నింపుకోవాలి, ఇరుగుపొరుగు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, జనవరి దాటాక మళ్ళీ వానలు పడేదాకా చుక్క నింపకూడదు. కింది ముక్కకు వర్తించే పంచాయతీ నిబంధనల్లో ఈతకొలను అన్న మాటే లేదు. ఊరి ఉమ్మడి నీటిని వాడే కట్టడం ఏదైనా సరే, గ్రామసభలో ఊరివాళ్ళకు తెలిసిన భాషలో చదివి వినిపించి వాళ్ళ అంగీకారం తీసుకోవాలి. అంతే. మొదటిది నాలుగు తాళాలున్న తలుపు. రెండోదానికి ఒకే తాళం, దాని చెవి ఊరివాళ్ళ చేతిలో ఉంది. నేను చెప్పింది ఇదే. కింది ఊరి పేరు కేవడా నాలా అనలేదు, పైన డెలానీపూర్ అనలేదు, ఫ్రెడ్డీ బావ పేరు ఎత్తలేదు. ఆ పోటీ వీడియో చూసి అది మీ ఇల్లేనని ఊరు గుర్తుపట్టిందంటే, పోలిక ఎక్కడిదో నన్ను అడగకు.

పైగా ఈ రెండు నిబంధనలూ పక్కపక్కన పెట్టి చూడమన్నది నువ్వు. ఆగస్టులో ఫోన్ చేసి, "నాన్న స్థలంలో పైన కడితే సులువా, కింద కడితే సులువా, నువ్వు లా చదువుతున్నావు కదా, చూసి చెప్పు" అన్నావు. చూశాను. కింద సులువన్నాను. కానీ అదే ఊపిరిలో ఇంకో మాట కూడా అన్నాను: కింద ఉన్నది ఊటబావి, ఎండాకాలంలో ఆ నాలా ఇళ్ళన్నిటికీ అదే ఆధారం, కాబట్టి వాళ్ళను నిజంగా ఒప్పించి కట్టండి అని.

ఒప్పించారట. సంతకాలన్నీ వచ్చాయట. అయితే ఒకే ఒక్క ప్రశ్న. ఆ సభలో వాళ్ళకు ఏమని చదివి వినిపించారు?

ఫేబే


డెలానీపూర్, పోర్ట్ బ్లెయిర్,
ఫిబ్రవరి 14.

ఛోటీకి,

ప్రభువు నామంలో వందనాలు. నీ ఉత్తరం నేను రెండుసార్లు చదివాను. ఫ్రెడ్డీ ఒక్క పేజీ చదివి, "వకీల్ సాహిబా నోటీసు పంపింది" అని ఫ్రిజ్ మీద పడేశాడు. నాకు సగం అర్థం కాలేదు. అభియోగం అంటే ఏంటో పాస్టరమ్మని అడగాల్సొచ్చింది. ఆవిడ "కంప్లైంట్ అమ్మా" అంది. సీదాగా అలాగే రాయొచ్చు కదా! నాతో మాట్లాడేటప్పుడు కూడా నీకు మైకు కావాలా?

నేను నీలాగా రాయలేను. నాకొచ్చిన తెలుగు సండే స్కూలు తెలుగు. తప్పులుంటే దిద్దుకుని చదువుకో, నీకు సంతోషం కూడా.

హాడో రేవులో ఫ్రెడ్డీ కాంట్రాక్టు అయిపోయిన సంగతి నీకు తెలుసు. ఆ తర్వాత పోర్టు వాళ్ళు పిలవలేదు. పై ముక్కలో నాన్న కట్టిన ఇల్లు హోమ్‌స్టే చేశాం. ఒక సీజనంతా రూములు ఖాళీ. ఫోన్ చేసిన ప్రతివాడిదీ ఒకటే మాట, "పూల్ హై క్యా?" సముద్రం ఎదురుగా కనిపిస్తోంది కదయ్యా అంటే, మీ సముద్రంలో మొసళ్ళున్నాయట కదా అంటారు. అబద్ధమా? కింద క్రీకు దగ్గర బోర్డే పెట్టారు, నోరు తెరుచుకున్న మొసలి బొమ్మతో. గెస్టు ముందు ఆ బోర్డుతో సెల్ఫీ తీసుకుంటాడు, తర్వాత రూము క్యాన్సిల్ చేస్తాడు. పూల్ లేకపోతే మా రూముల్లో బల్లులు పడుకోవాలి.

మతలబ్, నీకు తెలియాలని చెబుతున్నా. సరదాకి కట్టలేదు. అమ్మ పోయినప్పుడు నీకు జడ వేసుకోవడం కూడా రాదు. నీకు జడ వేశాను, స్కూలుకు పంపాను, ఇప్పుడు ఆ పెద్ద కాలేజీలో కూర్చోబెట్టాను. అక్కడ నువ్వు నిలబడి, టై కట్టుకున్న పిల్లల ముందు మా ఇంటి గురించి మాట్లాడావు. ఫస్ట్ ప్రైజ్ కూడా ఇచ్చారట. కప్పు ఎక్కడ పెట్టావు?

సభలో ఏం చదివారు అంటావు. నువ్వు చెప్పినట్టే చేశాను. హిందీలో అయితే ముసలివాళ్ళకి సరిగ్గా అర్థం కాదని, నేనే తెలుగులో రాసి, నేనే నిలబడి చదివాను. ఎవరూ కాదనలేదు. ఎరుకమ్మ మామ్మ లేచి చప్పట్లు కొట్టింది. పంచాయతీ ప్రధాన్ సత్యారావుగారు "ఇంత సంతోషంగా ఏ పనికీ మనవాళ్ళు సంతకాలు పెట్టలేదు" అన్నారు. ఇంకేం కావాలి నీకు?

వచ్చే నెల నింపుతాం. నీ పరీక్షలు ఎప్పుడు? తింటున్నావా లేదా?

మీ అక్క,
టీనా


విశాఖపట్నం,
ఫిబ్రవరి 26.

అక్కా,

తింటున్నాను. కప్పు హాస్టల్ కిటికీలో ఉంది, అందులో దువ్వెన పెట్టుకున్నాను.

జడ సంగతి నేను మరిచిపోలేదు. కానీ ప్రేమను నువ్వు వాదనగా వాడిన ప్రతిసారీ దానికి ఎదురు చెప్పవలసిన పాపం నా నెత్తిన పడుతోంది. ఆ పనికి నన్ను నెట్టకు.

నీ ఉత్తరంలో ఒక్క వాక్యం నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఎరుకమ్మ మామ్మ చప్పట్లు కొట్టిందన్నావు. ఆవిడ నాకు తెలుసు. తొమ్మిదో తరగతి ఎండాకాలంలో ఆ ఊటబావి దగ్గర వరుసలో ఆవిడ వెనకాల నిలబడ్డాను. ఎవరో బిందె కడుక్కోవడానికి రెండు చెంబులు ఎక్కువ తోడారని ఆవిడ పెట్టిన గొడవ నాలా అవతలికి వినిపించింది. అలాంటి మనిషి, పర్యాటకులు ఈత కొట్టడానికి ఆ ఊటలోంచి పైపు వేస్తామంటే లేచి చప్పట్లు కొడుతుందా? మౌనంగా ఒప్పుకుందంటే నమ్ముతాను, మొహమాటపడి ఒప్పుకుందంటే నమ్ముతాను. చప్పట్లంటే నమ్మను. ఆవిడ చప్పట్లు కొట్టింది వేరే దేనికో.

ఇంకొకటి గమనించు. మన చర్చి టౌను హద్దులో ఉంది. అక్కడి బాప్తిస్మపు తొట్టిలో నలుగురు పడితే ఐదోవాడికి చోటుండదు. మనుషులు దిగే నీరు గనుక దాన్నీ ఈతకొలను లెక్కలోనే వేశారు. మనవాళ్ళు నవ్వుకున్నారు గాని పాస్టరుగారు నవ్వలేదు, తగాదాకూ పోలేదు. ఎండాకాలపు బాప్తిస్మాలన్నీ వానలదాకా వాయిదా వేశారు. రక్షణ కూడా వానల కోసం ఆగిన ఊళ్ళో, పుల్లియా దిగి నాలుగడుగులు వేస్తే, మార్చి నెలలో ఈత సాగుతుందన్నమాట. నిబంధన లేని చోట మనస్సాక్షి ఉండాలని పోటీలో అన్నాను. న్యాయనిర్ణేత అది భావుకత అన్నారు. ఆయన అన్నదే నిజం కాకూడదని కోరుకుంటున్నాను.

నువ్వు చదివిన కాగితం నకలు పంపు. లేదా అందులోని మొదటి వాక్యం రాసి పంపు. అది చాలు.

ఫేబే


డెలానీపూర్,
మార్చి 12.

ఛోటీ,

నువ్వు గెలిచావులే. చెబుతాను. కానీ ఇది కోర్టు కాదు, నీ అక్క చెబుతోంది, అలాగే చదువు.

శనివారం పూల్ నింపడం అయిపోయింది. నీలం టైల్స్, అడుగున లైటు, బహుత్ బాగుంది. ఆదివారం చర్చి నుంచి వచ్చి చూసేసరికి కింది గేటు దగ్గర జనం. ఎరుకమ్మ మామ్మ, ఆవిడ మనవరాలు సుమ, నాలా ఇళ్ళ ఆడవాళ్ళు, పిల్లలు. పిల్లల భుజాల మీద తువ్వాళ్ళు. ఇద్దరు ముగ్గురి చేతిలో బిందెలు. మామ్మ అయితే ఉతికిన చీర కట్టుకుని, పళ్ళెంలో పసుపు, కుంకుమ, మందారాలు పెట్టుకుని వచ్చింది.

నన్ను చూసి, "టీనమ్మా, తలుపు తియ్యే. కోనేరు నిండిపోనాదంట కదా, సూసి పోదారని వచ్చినాం" అంది.

ఫ్రెడ్డీ లోపల్నుంచి వచ్చాడు. "మామ్మా, యే గెస్టుల కోసం. ప్రైవేట్ హై. మీకిక్కడేం పని?"

"పని లేపోతే సభలోన మాకెందుకు సెప్పినార్రా? కోనేరన్నారు కదేటి! కోనేటికి తలుపేటి?"

ఫ్రెడ్డీ నవ్వాడు. "అరే మామ్మా, కోనేరు బోలే తో పూల్. పూల్ బోలే తో కోనేరు. ఏక్ హీ బాత్."

"ఒకటే అయితే తియ్యి మరి."

అందరూ నవ్వారు. ఫ్రెడ్డీ నవ్వలేదు. తాళం ఇంకోసారి లాగి చూసి లోపలికి వెళ్ళిపోయాడు. పైన బాల్కనీలోంచి ఒక గెస్టు వీడియో తీస్తున్నాడు. బిందెలూ పసుపూ చూసి ఏదో పండగ అనుకున్నాడట, "దీదీ, ఇది మీ లోకల్ కల్చరా?" అని తర్వాత అడిగాడు. అవునన్నాను. ఇంకేం చెప్పను?

నీకు కావాల్సిన మొదటి వాక్యం ఇదిగో: "మేము మా స్థలములో ఒక కోనేరు కట్టుటకు ఊటనీటిని వాడుకొనుటకు గ్రామస్థుల అంగీకారము కోరుచున్నాము."

కోపం తెచ్చుకోకుండా ఆలోచించు. పూల్‌కి నాకు ఇంకో తెలుగు మాట రాదు. చర్చిలో చదివే తెలుగే నా తెలుగు, అందులో అది కోనేరే. చిన్నప్పటి నుంచి పాస్టరుగారు కోనేరు అన్నప్పుడల్లా నా మనసులో నీలం నీళ్ళ స్విమ్మింగ్ పూలే కనిపించేది. ఈతకొలను అని నువ్వు రాశావు చూడు, ఆ మాట నేను నీ ఉత్తరంలోనే మొదటిసారి చూశాను. నిన్నడిగితే బాగుండేది. నీ ఇంటర్నల్ పరీక్షలని అడగలేదు.

వాళ్ళకేమో కోనేరంటే ఊరందరిదీ. వాళ్ళ తాతలు శ్రీకాకుళం వైపు నుంచి తెచ్చుకున్న మాట. ఇక్కడ ఒక్క కోనేరు కూడా లేదు, మాట మాత్రం ఉంది. మాకు కూడా ఒకటి వస్తోందని చప్పట్లు కొట్టారు. ఇదీ సంగతి. పంచాయతీలో హిందీ కాగితం మీద హౌజ్, అంటే నీళ్ళ తొట్టి, అని రాసుకున్నారు, ప్లాన్ మీద స్విమ్మింగ్ పూల్ అని ఉంది. ఏ కాగితమూ తప్పు కాదు. నేను అబద్ధం ఆడలేదు ఫేబే.

మామ్మ ఆ పళ్ళెం గేటు ముందే పెట్టి వెళ్ళిపోయింది. సాయంత్రం నేనే తీశాను.

టీనా


విశాఖపట్నం,
మార్చి 27.

అక్కా,

ఒక్క మాట వరకు నీ నిర్దోషిత్వాన్ని ఒప్పుకుంటున్నాను. కోనేరు అన్నది నువ్వు వంచనతో ఎంచుకున్న మాట కాదు. నీ తెలుగును వెక్కిరించేవాళ్ళను నేను క్షమించను, వాళ్ళలో నేనున్నా సరే. ప్రార్థన నేర్చుకున్న చోటే మాటలు నేర్చుకున్న మనిషి ఆ మాటలతోనే అర్జీ రాస్తుంది. అది నేరం కాదు.

కానీ నేను అడగవలసింది అక్కడితో ఆగదు. వాళ్ళు వేరుగా అర్థం చేసుకున్నారని నీకు ఎప్పుడు తెలిసింది? మార్చిలో, గేటు దగ్గర అన్నట్టు రాశావు. ఆ రోజే తెలిసినట్టు ఉలిక్కిపడ్డావు కూడా. నేను నమ్మాను.

నిన్న సుమ ఫోన్ చేసింది. ఊట తగ్గిందని చెప్పడానికి చేసింది, నీ మీద చాడీ చెప్పడానికి కాదు. మాటల మధ్యలో దొర్లింది. సెప్టెంబరు సభలో నువ్వు చదవడం అయ్యాక వాళ్ళ మామ్మ లేచి, "మా పిల్లలు కూడా దిగొచ్చేటమ్మా?" అని అడిగిందట. నువ్వు బావ వైపు చూశావట. బావ మెల్లగా "హా బోల్ దో", అవునని చెప్పెయ్యి అన్నాడట. అప్పుడు నువ్వు, "దేవుడిచ్చిన నీళ్ళు మామ్మా, ఎవరు కాదంటారు?" అన్నావట. చప్పట్లు అప్పుడు మోగాయి.

అక్కా, నువ్వు నిజంగానే అబద్ధం ఆడలేదు. అబద్ధమాడితే పట్టుబడతామని భయం ఉంటుంది. నువ్వు అన్న వాక్యంలో ప్రతి మాటా నిజం, దాని పని మాత్రం మోసం. వేదిక మీద ఇలాంటి వాక్యం ఎదుటివాడు వాడితే లోలోపల మెచ్చుకుంటాను. నీ నోట వచ్చిందని విన్నాక క్లాసుకు వెళ్ళకుండా పడుకుండిపోయాను. నా రూమ్మేటు శ్రావణి జ్వరమేమోనని నా నుదురు తాకి చూసింది.

మీరు ఎంచుకున్నది కింది నిబంధన. అందులో ఉన్నది ఒకే షరతు, తెలిసిన భాషలో చెప్పి ఒప్పించడం. పైనున్న నాలుగు షరతుల నుంచి తప్పించుకుని, ఉన్న ఆ ఒక్కదాన్నీ ఖాళీ చేశారు. ఒకదానికి ఇచ్చిన అంగీకారం మరొకదానికి చెల్లదు. ఇది న్యాయశాస్త్రంలో మొదటి ఏడాది పాఠం, బజారులో కూరగాయలు కొనేవాళ్ళకు పుట్టుకతో తెలిసిన పాఠం. వంకాయలకు బేరమాడిన మనిషి సంచిలో వక్కలు వెయ్యకూడదు.

వచ్చే సభలో నువ్వే లేచి చెప్పు. "నేను చదివిన మాటకు మా అర్థం ఇది, మీ అర్థం అది, మామ్మ అడిగినప్పుడు నేను సరిచేయలేదు" అని చెప్పు. మూడు చిన్న వాక్యాలు. నీ సండే స్కూలు తెలుగు వాటికి బంగారంలా సరిపోతుంది. ఆ తర్వాత పంచాయతీ ముందు నీ తరఫున నిలబడి వాదించేది నేను. మాట ఇస్తున్నాను.

నువ్వు చెప్పకపోతే మాత్రం, వాళ్ళ తరఫున నిలబడతాను.

ఫేబే


డెలానీపూర్,
ఏప్రిల్ 15.

ఫేబేకి,

బావి అడుగున రాయి కనిపిస్తోంది. ఆడవాళ్ళు చీకటుండగానే వచ్చి చెంబుతో గీరి తోడుకుంటున్నారు. కొళాయి మూడు రోజులకోసారి, అది కూడా పుల్లియా పైన ఉన్నవాళ్ళకే. ఇవన్నీ నీకు సుమ చెప్పే ఉంటుంది. నా నుంచి కూడా విను, దాచానని మళ్ళీ అనొద్దు. మోటారు కొన్నాళ్ళు ఆపమని ఫ్రెడ్డీకి చెప్పాను. మే ఆఖరుదాకా బుకింగ్స్ ఉన్నాయి, నీళ్ళు తగ్గితే పూల్ పచ్చబడుతుంది, గెస్టులు రివ్యూ రాస్తారు అన్నాడు. ఆపలేదు. నేను రెండోసారి అడగలేదు.

నెలాఖరు ఆదివారం మధ్యాహ్నం గ్రామసభ పెట్టారు. ప్రధాన్‌గారు మంచివారు, గొడవ పెద్దది కాకుండా ముగించాలని చూస్తున్నారు. స్థలం యజమానులు ఇద్దరూ సంతకాలు చేసి, "ఊరు ముందే ఒప్పుకున్న కట్టడమే ఇది" అని కాగితం ఇస్తే, సభలో చదివి దాఖలు చేసుకుంటానన్నారు. స్థలం నాన్న తర్వాత మనిద్దరి పేర్ల మీద ఉంది. నా సంతకం అయిపోయింది. నీది కావాలి. కాగితం ఇందులో పెట్టాను. పెన్సిలుతో గుర్తు పెట్టాను, అక్కడ చెయ్యి.

మామ్మ అడిగినదానికి నేనేమన్నానో నీకు తెలిసిపోయింది. ఆ వారం నీ ఫీజు కట్టాల్సిన ఆఖరి వారం. నువ్వు ఫోన్ చేసి, "అక్కా, ఆఫీసులో నా పేరు బోర్డు మీద వేస్తారట" అని ఏడ్చావు. సభలో నిలబడి నేను విన్నది మామ్మ మాట కాదు, నీ ఏడుపు. కట్టడానికి ఊరు ఒప్పుకుంటేనే ఫ్రెడ్డీ వాళ్ళ అన్నయ్య సాయం చేస్తానన్నాడు. ఆ సాయంలోంచే నీ ఫీజు వెళ్ళింది. ఇప్పుడు చెప్పు, ఆ ముసలమ్మకి నేనేం చెప్పాల్సింది? నీ మూడు చిన్న వాక్యాల్లో దీనికి చోటుందా?

పూల్ ఆగితే హోమ్‌స్టే ఆగుతుంది. హోమ్‌స్టే ఆగితే నీ చదువు ఆగుతుంది. బెదిరింపు అనుకోకు. ఇంట్లో సంగతి ఉన్నది ఉన్నట్టు చెబుతున్నా.

సంతకం చేసి పంపు. చేయకపోతే నాకు ఉత్తరం రాయకు. వచ్చినా తెరవను.

టీనా


విశాఖపట్నం,
ఏప్రిల్ 20.

కేవడా నాలా గ్రామసభకు, ఆ సభలో కూర్చుని ఉండే మా అక్క టీనాకు,

ఫేబే నమస్కరించి రాస్తున్నది. అక్క నా ఉత్తరం తెరవనన్నది కాబట్టి దీన్ని సుమకు పంపుతున్నాను. సుమ తెలుగు బాగా మాట్లాడుతుంది, చదవడం మాత్రం కూడబలుక్కుంటే గాని రాదు. ఆమెను నెమ్మదిగా చదవనివ్వండి. ఎక్కడైనా తడబడితే నవ్వకండి. ఒక్క మాట ఇద్దరికి రెండు విధాలుగా వినిపిస్తే ఏమవుతుందో మన ఊరు ఈ ఏడాది చూసింది.

నా మీద మీలో కొందరు మోపే అభియోగం నాకు తెలుసు: సముద్రం అవతల చల్లగా కూర్చుని అక్క కూడు పడగొడుతోంది అని. జవాబు చెబుతాను. ఆ కూడు నాదీ. ఆ కొలను కోసం వచ్చిన సాయంలోంచే నా కాలేజీ ఫీజు వెళ్ళిందని మొన్ననే తెలిసింది. మీ బిందెల్లోకి రావలసిన నీళ్ళు కొన్ని నా పుస్తకాలయ్యాయి. తెలియక తీసుకున్నాను, తెలిసి తీసుకోను. వచ్చే ఏడాది ఫీజు కట్టమని అక్కను అడగను. చదువు ఆగితే ఆగనీ, ఆ సంగతి నేను చూసుకుంటాను. అక్కా, ఆ ఒక్క కారణం నీ భుజాల మీంచి దించేశాను. ఇక మాట్లాడితే నీ మాట నువ్వు మాట్లాడు.

మీ అందరికీ ఒక మనవి. మా అక్కను తిట్టకండి. కోనేరు అన్న మాట ఆమెకు చర్చిలో దొరికింది, నాకు ఫీజు కట్టవలసిన భయంలో దాన్ని సరిచేయలేకపోయింది. ఆమె చేసింది తప్పే. ఆ తప్పును ఆమె నోటితోనే వినాలని నాకు పట్టుదల ఉండేది. ఇప్పుడు లేదు. ఆమె నాతో మాట్లాడటం మానేసింది. అంతకంటే పెద్ద శిక్ష మా ఇద్దరికీ ఎవరూ వెయ్యలేరు.

ప్రధాన్ సత్యారావుగారికి. మీరు అడిగిన కాగితం తిప్పి పంపుతున్నాను. పెన్సిలు గుర్తు పెట్టిన చోటు ఖాళీగానే ఉంది. "ఊరు ముందే ఒప్పుకున్న కట్టడమే ఇది" అన్న వాక్యం కింద నేను సంతకం చేయను. ఊరు ఒప్పుకున్నది గేటు లేనిదానికి. ఆ కింది ముక్కలో సగం నాది గనుక నా సగం తరఫున ఈ సభ ముందు ఒక మాట చెబుతున్నాను, దీన్ని దాఖలు చేసుకోండి: అక్కడ మీ పిల్లలు దిగడానికి నాకు అభ్యంతరం లేదు, అక్కడికి మీ ఊట వెళ్ళడానికి అభ్యంతరం ఉంది.

టౌను వాళ్ళ నిబంధన పుస్తకం మందంగా ఉంటుంది, మీది పలచగా ఉంటుంది. అందుకే పైన ఇల్లు పెట్టుకుని కొలను మాత్రం మీ దగ్గర కట్టారు. పలచని పుస్తకం గల ఊళ్ళో మనుషులు కూడా తేలిగ్గా లొంగుతారని లెక్క వేశారు. మీ పుస్తకంలో ఉన్నది ఒకే షరతు. అది మీరు. మీరు లేచి వెళ్ళిపోతే అందులో ఇక ఏమీ లేనట్టే.

కాబట్టి ఇప్పుడు మీరు చేయవలసినది చెబుతున్నాను. మా బావ ఫ్రెడ్డీ ముందు వరుసలోనే కూర్చుని ఉంటారు. ఆయన్ను నిలబెట్టి అడగండి, మీరు కట్టించింది ఏది అని. కోనేరు అంటే, సభ ముగిశాక గేటు తాళంచెవి ప్రధాన్‌గారి చేతికి ఇవ్వాలి, దిగే పిల్లలను దిగనివ్వాలి, ఊటలోంచి ఎప్పుడు ఎంత వదలాలో ఊరు చెప్పాలి. స్విమ్మింగ్ పూల్ అంటే, దానికి మీరు ఏ రోజూ చెయ్యి ఎత్తలేదు గనుక, ఆ పైపు ఈ సాయంత్రమే బావిలోంచి పైకి రావాలి. రెండూ ఒకటేనని ఆయన మళ్ళీ నవ్వుతారు. నవ్వనివ్వండి. హిందీలోకి దిగుతారు, తెలుగులోకి రమ్మనండి. బుకింగ్స్ అంటారు, రివ్యూలు అంటారు, చివరకు చెల్లెలి చదువు అంటారు. ఆ మాటకు జవాబు నేను పైన ఇచ్చాను. పొద్దుపోయింది, మళ్ళీ సభ పెట్టుకుందామని ఎవరు అన్నా ఒప్పుకోకండి. ఆ రెండు మాటల్లో ఏదో ఒకటి ఆయన తన నోటితో, ఎరుకమ్మ మామ్మకు వినబడేంత గట్టిగా చెప్పేదాకా మీలో ఒక్కరు కూడా చాప మీంచి లేవకండి.